పాత చెక్క నేల సందులు పూడ్చడం: ఇంట్లో తయారుచేసుకునే సరుకులతో సమగ్ర మార్గదర్శి

బ్రిటన్‌లో విక్టోరియా రాణి కాలంలో, అంటే 1837–1901 మధ్య, కట్టిన వరుస ఇళ్లు ఇప్పటికీ లక్షల్లో ఉన్నాయి. ఉద్యోగాల కోసం అక్కడికి వెళ్లిన తెలుగు కుటుంబాలు ఎన్నో అలాంటి ఇళ్లలోనే ఉంటున్నాయి. ఆ ఇళ్లలో మాసిపోయిన కార్పెట్ తీసి చూస్తే కింద పైన్ చెక్క పలకలు బయటపడతాయి. నూరేళ్లు దాటినా చాలావరకు గట్టిగానే ఉంటాయి. చిక్కంతా వాటి మధ్య సందులతోనే. చలికాలంలో వాటిలోంచి గాలి కాళ్లకు తగులుతుంది, చెవి కమ్మల మరలు, సూదులు అందులో పడి మాయమవుతాయి, ఊడ్చిన దుమ్ము సగం అక్కడే దాక్కుంటుంది.

బజారులో గొట్టాల్లో అమ్మే పూడిక సరుకు తెచ్చి సందుల్లో నింపేయవచ్చు. పెద్ద గదికి దాని ఖర్చు తక్కువేమీ కాదు, పైగా ఒక్క చలికాలం గడిచేసరికి పక్కన సన్నటి గీతలా పగులు తేలడం మామూలే. రంపపు పొట్టు, పాత కాగితం, పురికొస, చెక్క బద్దలు: ఇంట్లో ఉన్న ఈ సరుకులతో అంతకంటే మేలైన పని చేయవచ్చు. అయితే ఏ సరుకు మంచిదని అడిగే ముందు ఆ సందు కదులుతుందా లేదా అని అడగాలి. ఈ ప్రశ్నకు జవాబు దొరికితే మిగతా పని సులువు.

సందు ఎందుకు కదులుతుంది

చెక్క గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరినప్పుడు కుంచించుకుపోతుంది. ఈ మార్పు పలక పొడవులో దాదాపు ఉండదు, వెడల్పులోనే ఉంటుంది. 175 మిల్లీమీటర్ల వెడల్పున్న పైన్ పలకలో తేమ నాలుగు శాతం తగ్గితే, పలక కోసిన తీరును బట్టి, వెడల్పు ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల దాకా తగ్గుతుంది. అంటే మూడు మిల్లీమీటర్ల సందు కొన్ని నెలల్లో ఐదు మిల్లీమీటర్లు కావచ్చు.

బ్రిటన్‌లో ఇంటిని వేడిచేసే యంత్రాలు నెలల తరబడి నడిచాక, చలికాలం చివర్లో ఇంట్లో గాలి బాగా పొడిబారుతుంది. సందులు ఎక్కువగా తెరుచుకునేది అప్పుడే. వేసవి చివరికి మళ్లీ దగ్గరపడతాయి. మన ప్రాంతంలో లెక్క వేరు. మే నెల ఎండల్లో సందులు విచ్చుకుంటాయి, ఆగస్టు, సెప్టెంబరు ముసురులో మూసుకుంటాయి.

గట్టిపడే సరుకును సందు అతి ఇరుకుగా ఉన్నప్పుడు నింపితే, పలకలు ఆరినప్పుడు అది పక్కనుంచి విడిపోతుంది. అతి వెడల్పుగా ఉన్నప్పుడు నింపితే, పలకలు ఉబ్బినప్పుడు నలిగి పైకి పొంగుతుంది. అందుకే గట్టి సరుకుతో పని ఏడాదిలో రెండు కొసలకూ మధ్య నెలల్లో పెట్టుకోవాలి. బ్రిటన్‌లో ఏప్రిల్, మే లేదా అక్టోబరు నెలలు బాగుంటాయి.

ఓపిక ఉంటే గదిలో నాలుగైదు చోట్ల పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఫిబ్రవరిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి సందు వెడల్పు కొలిచి రాసుకోండి. ఇంతకంటే మంచి ఆధారం లేదు. అంత ఆగలేకపోతే నేల మీదే ఆనవాళ్లు వెతకండి. ఎప్పుడో ఎవరో నింపిన సరుకు అంచు వెంట చీలి ఉంటే ఆ సందు కదులుతున్నట్టే. ఆ సరుకు పలకల కంటే ఎత్తుకు పొంగి గట్టు కట్టినా అంతే.

కొలత, లెక్క

కొలవడానికి ప్రత్యేక పనిముట్లు అక్కర్లేదు. బ్యాంకు కార్డు మందం ముప్పావు మిల్లీమీటరు. ఇప్పటి పౌండు నాణెం మందం 2.8 మిల్లీమీటర్లు. కార్డు కూడా దూరని సందును వదిలేయండి. అది చెక్క ఊపిరి తీసుకునే చోటు, దాన్ని పూడ్చి లాభం లేదు. కార్డు దూరి నాణెం పట్టకపోతే, సందు కదలనిదైతే, రంపపు పొట్టు ముద్ద చాలు. నాణెం దిగే సందులకు, ఐదారు మిల్లీమీటర్ల దాకా, కాగితపు గుజ్జు లేదా తాడు. అంతకు మించితే చెక్క బద్ద.

సరుకు ఎంత కావాలో ముందే లెక్క వేసుకోవడం మంచిది. నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న గదిలో 175 మిల్లీమీటర్ల పలకలు 23 దాకా పడతాయి. అంటే 22 సందులు, మొత్తం 88 మీటర్లు. అన్నీ నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు ఉండి, పది మిల్లీమీటర్ల లోతు నింపాలనుకుంటే మూడున్నర లీటర్ల ముద్ద కావాలి. కాగితపు గుజ్జు ఆరి తగ్గుతుంది కాబట్టి ఐదు లీటర్లు చేసుకోవాలి. తాడు అయితే వంద మీటర్లు. ఈ లెక్క చూశాక చాలామంది గది మొత్తం కాకుండా గాలి ఎక్కువగా కొట్టే సందులకే పరిమితమవుతారు. అది తెలివైన నిర్ణయమే.

చేయి పెట్టే ముందు చూడవలసినవి

ఇది తొందరపడకూడని భాగం. పాత ఇళ్లలో గది అంచుల వెంట పలకలకు ముదురు రంగు పట్టీ కనిపిస్తుంది. నడుమ తివాచీ పరిచి, చుట్టూ కనిపించే భాగానికే రంగు వేసేవారు. అలాంటి పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. సీసం కలిసిన రంగులను ఇళ్లలో వాడకుండా అమెరికా 1978లో నిషేధించింది. బ్రిటన్‌లో మామూలు వినియోగదారులకు అమ్మడం 1992లో ఆగింది. భారతదేశంలో ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నియమం 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. రంగు పాతదైతే పొడిగా గీకవద్దు, యంత్రంతో రుద్దవద్దు. దుకాణాల్లో దొరికే పరీక్ష సామగ్రితో ముందు చూసుకోండి. ఇంట్లో పాకే వయసు పిల్లలుంటే ఇందులో రాజీ పడకూడదు. పలకల మీద పాత పలుచటి టైల్స్, వాటి కింద నల్లటి జిగురు ఉంటే వాటినీ కదిలించవద్దు. వాటిలో ఆస్బెస్టాస్ అనే హానికరమైన రాతినార ఉండవచ్చు. బ్రిటన్ దాన్ని పూర్తిగా నిషేధించింది 1999లోనే.

తరువాత పలకలను కాలితో తొక్కి, స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. మొన మెత్తగా దిగితే అది కుళ్లు. సన్నటి రంధ్రాల చుట్టూ కొత్త పిండి రాలుతుంటే పురుగు ఇంకా పనిచేస్తున్నట్టు. ఈ రెండింటినీ సందులు పూడ్చి దాచకూడదు, ముందు వాటి సంగతి చూడాలి.

కింది అంతస్తు పలకల అడుగున ఖాళీ ఉంటుంది. బయటి గోడలో నేలకు దగ్గరగా ఉండే రంధ్రాల ఇటుకల ద్వారా ఆ ఖాళీలోకి గాలి ఆడుతుంది. దూలాలు పొడిగా ఉండేది ఆ గాలి వల్లే. చలిగాలి వస్తోందని కొందరు ఆ ఇటుకలనే మూసేస్తారు. అలా చేస్తే కొన్నేళ్లకు దూలాలు కుళ్లుతాయి. పైన సందులు పూడ్చండి, ఆ ఇటుకలను మాత్రం తెరిచే ఉంచండి.

ఇల్లు అద్దెదైతే యజమాని అనుమతి తీసుకోండి. చారిత్రక కట్టడాల జాబితాలో ఉన్న ఇల్లయితే స్థానిక మండలిని అడగండి.

సందు శుభ్రం చేయడం

పాత కూరగాయల కత్తిని గాని, మొద్దుబారిన చాకును గాని సందులో నిలువుగా దించి, పొడవునా లాగండి. నల్లగా గట్టిపడిన మట్టి, మైనం, వెంట్రుకలు ముద్దలుగా వస్తాయి. సన్న మూతి పెట్టిన వాక్యూమ్‌తో వాటిని పీల్చేయండి. సందు పక్క గోడలు కూడా శుభ్రంగా ఉండాలి. మైనం మిగిలితే ఏ జిగురూ పట్టదు. నీళ్లు మాత్రం పోయవద్దు.

పైకి లేచిన మేకులను పలక మట్టానికి మూడు మిల్లీమీటర్లు లోపలికి కొట్టండి. కిర్రుమనే పలకను స్క్రూలతో దూలానికి బిగించండి. దూలాలు సాధారణంగా 400 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి, మేకుల వరుసే వాటి జాడ చెబుతుంది. పలకల కింద నీటి గొట్టాలు, కరెంటు తీగలు ఉంటాయి కాబట్టి పాత మేకు పక్కనే, పలక మందం చూసుకుని, పొట్టి స్క్రూ వేయండి. కదిలే పలక పక్కన ఏ సరుకు పెట్టినా నిలవదు.

రంపపు పొట్టు ముద్ద: సన్న సందులకు

దీనికి వాడవలసింది మీ నేల పొట్టే. రంగు దానంతట అదే దగ్గరగా వస్తుంది. నేలను యంత్రంతో రుద్దేటప్పుడు 40 నంబరు గరుకు కాగితంతో వచ్చే మొదటి పొట్టును పారేయండి, అందులో పాత వార్నిష్, మురికి ఉంటాయి. 80, 120 నంబర్లతో రుద్దినప్పుడు వచ్చే మెత్తటి పొట్టునే దాచండి.

తేమకు తట్టుకునే తెల్ల చెక్క జిగురు, అంటే ఫెవికాల్ మెరైన్ లాంటిది, చిన్న గిన్నెలో తీసుకుని పొట్టు కొద్దికొద్దిగా కలుపుతూ పోండి. కత్తి మీద పెడితే జారకుండా నిలవాలి. పొట్టు తక్కువైతే ఆరాక కుంగుతుంది, మరీ ఎక్కువైతే పొడిపొడిగా రాలుతుంది. ఒక్కసారి అరగిన్నెకు మించి కలపవద్దు, ఆ లోపే బిగుసుకుంటుంది. సందుకు రెండు పక్కలా కాగితపు టేపు అంటించి, లప్పం కత్తితో సందుకు అడ్డంగా నొక్కి దట్టించండి. పలక మట్టం కంటే ఒక వెంట్రుక ఎత్తు ఉండనిచ్చి, టేపు వెంటనే తీసేయండి. మర్నాడు 120 నంబరు కాగితంతో సమం చేయండి.

తెల్ల జిగురు ఆరాక రంగు పీల్చుకోదు. పలకల మీద జిగురు మరక మిగిలితే తరువాత నూనె వేసినప్పుడు అక్కడ తెల్లటి మచ్చలా తేలుతుంది. తడిగుడ్డతో అప్పటికప్పుడు తుడవాలి. ముద్ద ఆరాక చుట్టూ ఉన్న చెక్క కంటే కాస్త ముదురుగానే కనిపిస్తుంది కాబట్టి ఒక మూల చేసి, ఆరనిచ్చి, పైన వేయబోయే నూనె కూడా పూసి చూశాకే గదంతా మొదలుపెట్టండి.

కొండపల్లి బొమ్మల కళాకారులు వాడే మక్కు కూడా ఈ జాతిదే. చింతగింజల పొడిని ఉడికించిన జిగురులో రంపపు పొట్టు కలిపి, తెల్ల పొణికి చెక్కతో చేసిన అవయవాలను దానితో అతికిస్తారు, అతుకులనూ దానితోనే కప్పుతారు. పొడిగా ఉండే గదిలో మేకు గుంతలకు, కదలని నెర్రెలకు మక్కు చక్కగా పనిచేస్తుంది, గరుకు కాగితానికి బాగా లొంగుతుంది. నీళ్లు తగిలితే మెత్తబడుతుంది. అందుకని వంటింటికీ గుమ్మం దగ్గరికీ వద్దు.

కాగితపు గుజ్జు: మధ్య రకం సందులకు

నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది. ఖర్చు దాదాపు లేదు. ఎండాక గట్టిగా ఉంటుంది, అయినా పొట్టు ముద్ద కంటే కాస్త ఒత్తిడికి ఓర్చుకుంటుంది.

అచ్చు లేని తెల్ల కాగితమైతే మేలు. వార్తాపత్రిక వాడితే సిరా వల్ల బూడిద రంగు వస్తుంది, ముదురు నేలకైతే అది ఇబ్బంది కాదు. నిగనిగలాడే పత్రికల కాగితం పనికిరాదు, అది నానదు. కాగితాన్ని గోరంత ముక్కలుగా చింపి రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. మర్నాడు అరగంట ఉడికించి, మిక్సీలో ఎక్కువ నీళ్లతో కొంచెం కొంచెంగా తిప్పండి. వంటకు వాడే జారు ఇందుకు వాడవద్దు. పాత గుడ్డలో వేసి గట్టిగా పిండండి. పిడికిలి బిగిస్తే వేళ్ల మధ్య నుంచి నీటి బొట్టు రాకూడదు. నీరు మిగిలినకొద్దీ ఆరాక సందులో గుజ్జు కుంచించుకుపోతుంది.

జిగురుకు ఒక వంతు మైదాను ఐదు వంతుల చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్న సెగ మీద కలుపుతూ ఉడికించండి. తెల్లదనం పోయి పారదర్శకంగా మారితే అయినట్టు. చల్లారాక నాలుగు వంతుల గుజ్జుకు ఒక వంతు మైదా జిగురు, అర వంతు తెల్ల చెక్క జిగురు వేసి చేత్తో బాగా పిసకండి. గారెల పిండిలా ముద్ద కట్టాలి. నిలవ ఉంటే మైదా పులుస్తుంది కాబట్టి కొన్ని చుక్కల లవంగ నూనె కలపండి. పుస్తకాలు కుట్టేవారు, గోడలకు పోస్టర్లు అంటించేవారు మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం వేస్తారు. అది విషం, మనుషులు కూర్చుని తిరిగే నేలకు నేను ఒప్పుకోను. ఇంట్లో ఎలుకల బెడద ఉంటే మైదా మానేసి, వాల్‌పేపర్ అంటించే మిథైల్ సెల్యులోజ్ పొడిని కలుపుకోండి.

రంగు కోసం గుజ్జు దశలోనే చిక్కటి టీ డికాషన్ గాని, నీటితో కలిసే చెక్క రంగు గాని వేయాలి. ఉండ చేసి ఎండబెట్టి పలక పక్కన పెట్టి చూడండి. తడిగా ఉన్నప్పటి రంగును నమ్మవద్దు.

సందు అడుగున ఖాళీ ఉంటే గుజ్జు కిందికి జారిపోతుంది. ముందుగా పురికొసను పది పన్నెండు మిల్లీమీటర్ల లోతుకు దింపి అడుగు కట్టండి. దాని మీద గుజ్జును లప్పం కత్తితో కొద్దికొద్దిగా పొడుస్తూ నింపండి. పైపైన రాస్తే లోపల గాలి బుడగలు మిగులుతాయి. కత్తి మొనతో నొక్కినప్పుడు ఇక దిగకపోతేనే నిండినట్టు. మట్టం కంటే రెండు మిల్లీమీటర్లు ఎత్తు ఉంచండి. చలి దేశంలో ఇది ఆరడానికి మూడు రోజుల నుంచి వారం పడుతుంది. హీటరు దగ్గర పెట్టి తొందరపెడితే పైన ఎండి లోపల పచ్చిగా ఉంటుంది. బాగా కుంగిన చోట రెండో పూత వేయండి. చివరగా 80, ఆ తరువాత 120 నంబరు కాగితంతో సమం చేయండి.

తాడు: బాగా కదిలే సందులకు

పడవలు కట్టేవారు పలకల మధ్య నార కూరి, నూనెలో కరిగించిన గుగ్గిలం పట్టించే పద్ధతి పాతది. పలక ఉబ్బినా కుంచించినా నార సర్దుకుంటుంది. అమెరికాలో వెడల్పాటి పైన్ పలకల పాత ఇళ్లలోనూ సందుల్లో తాడు పెట్టడం కనిపిస్తుంది. జనపనార తాడు, పురికొస రెండూ పనికొస్తాయి. తేమ తగిలే చోట కొబ్బరి పీచు తాడు ఎక్కువ కాలం ఉంటుంది, చూపుకు మాత్రం మొరటుగా ఉంటుంది. నైలాన్ వద్దు, అది జారి పైకి వస్తుంది.

సందు కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు లావైన తాడు తీసుకోండి. చెక్క రంగు కలిపిన నీళ్లలో ముంచి పూర్తిగా ఆరబెట్టండి. నేల రుద్దడం, నూనె వేయడం అన్నీ అయ్యాకే తాడు పెట్టాలి. ముందే పెడితే గరుకు కాగితానికి పీచు లేస్తుంది, వార్నిష్ పడితే తాడు బిరుసెక్కి చీలుతుంది. మొద్దు ఉలి గాని, లప్పం కత్తి గాని పెట్టి మెల్లగా తట్టుతూ, పలక మట్టానికి రెండు మిల్లీమీటర్లు కిందికి దించండి. జిగురు అక్కర్లేదు. నచ్చకపోతే లాగి తీసేయవచ్చు, పలకకు ఏ హానీ లేదు. అద్దె ఇళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే.

చెక్క బద్దలు: వెడల్పాటి సందులకు

ఆరు మిల్లీమీటర్లు దాటిన సందులో ఏ ముద్దా నిలవదు. పాత సామాన్లు అమ్మేచోట అదే వయసు పైన్ పలక ఒకటి తెచ్చి బద్దలుగా కోయించండి. కొత్త పైన్ తెల్లగా గీతలా కనిపిస్తుంది. బద్ద పై అంచు సందు కంటే ఒక మిల్లీమీటరు వెడల్పుగా, కింది అంచు సన్నగా ఉండాలి. చెక్క పోగులు బద్ద పొడవునా పోవాలి, లేకపోతే కొట్టగానే విరుగుతుంది.

జిగురు బద్దకు ఒక్క పక్కే రాయండి. రెండు పక్కలా రాస్తే రెండు పలకలు ఒకటిగా కలిసిపోయి, ఆరు నెలల తరువాత పలక మధ్యలోనో మరో చోటో చీలిక పడుతుంది. ఒక్క పక్క అతికితే బద్ద ఆ పలకతో పాటు కదులుతుంది, రెండో పక్క వెంట్రుకంత గీత మాత్రమే తెరుచుకుంటుంది. పైన చెక్క దిమ్మె పెట్టి సుత్తితో కొట్టి దించండి. మర్నాడు మిగిలిన ఎత్తును చిత్రిక పట్టి తీసేయండి. గదిలో ఇలాంటి సందులే ఎక్కువైతే, పలకలన్నీ ఎత్తి దగ్గరగా జరిపి మళ్లీ వేయించడమే మేలు. అప్పుడే దూలాల మధ్య వల కట్టి, చలిని ఆపే దూదిలాంటి ఖనిజ ఉన్ని పరిస్తే చలి కూడా తగ్గుతుంది.

మన మేడల్లో టేకు పలకలకు

మన పాత మేడల్లో దూలాల మీద పరిచిన టేకు పలకలకు పైన చెప్పిన పద్ధతులన్నీ వర్తించవు. టేకు పైన్ కంటే తక్కువ కదులుతుంది, అది మేలే. కానీ చెదలు ఉన్న ప్రాంతంలో కాగితం, మైదా కలిపిన ముద్దను సందుల్లో కూరితే చెదలను పిలిచినట్టే. అక్కడ టేకు బద్ద లేదా టేకు పొట్టుతో చేసిన ముద్దే వాడండి. గోడలోకి దిగిన దూలం కొసలను తట్టి చూడడం మరవవద్దు. డొల్ల శబ్దం వస్తే సందుల పని ఆపి వడ్రంగిని పిలవండి.

పైపూత, ఆ తరువాత

కదిలే నేలకు గట్టి పొరలా నిలిచే వార్నిష్ కంటే చెక్కలో ఇంకే నూనె నయం. సందు అంచున పొర పగిలితే తెల్లగా కనిపిస్తుంది, నూనెకు ఆ బాధ లేదు. అవిసె నూనె పూసిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయవద్దు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరుబయట పరిచి ఆరబెట్టాలి. యంత్రపు సంచిలోని పొట్టును కూడా రోజూ సాయంత్రం బయట ఖాళీ చేయండి.

మన ఇళ్లలో రోజూ తడిగుడ్డ పెట్టి తుడిచే అలవాటు ఈ నేలకు సరిపడదు. నీళ్లు కారకుండా గట్టిగా పిండిన గుడ్డతో వారానికి ఒకసారి చాలు, మిగతా రోజులు పొడిగా ఊడవండి. బకెట్‌తో నీళ్లు పడితే గుజ్జు ఉబ్బుతుంది, పలక అంచులు పైకి లేస్తాయి.

మొదటి చలికాలం చివర గదంతా ఒకసారి చూడండి. ఎక్కడో ఒకచోట ముద్ద విడిపోయి ఉంటుంది. అక్కడ మళ్లీ అదే ముద్ద నింపకుండా, దాన్ని గీకేసి తాడు పెట్టండి. నిలిచిన చోట్ల చిన్న గాట్లు పడితే సరిచేయడానికి 120 నంబరుతో రుద్దిన పొట్టు ఒక సీసాడు మూత బిగించి, ఏ గదిదో రాసి దాచుకోండి.